పోపుల డబ్బాలో అయిదు చిప్పులు

ఒక శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకూ పదీ పదికీ మధ్య, ఫిలింనగర్‌లో ఒక సినిమా సెట్టు వెనకాల నేను అయిదు హత్యలు చేశాను. కంగారు పడకండి, పోలీసులు రాలేదు. పోయినవి మనుషులు కావు, చిప్పులు. ఒక్కోటి చిటికెన వేలిలో సగం పొడవుంటుంది. నల్లటి ఒళ్ళు, రెండు పక్కలా పదేసి కాళ్ళు, చూడటానికి అచ్చం జెర్రి పిల్ల. వాటిలో ఒక్కటి బతికి బట్టకట్టినా ఆ రోజు నేను మొనగాణ్ణి. ఒక్కటీ బతకలేదు. అయిదింటినీ ఒకే తప్పుతో, ఒకే పద్ధతిలో, వరస తప్పకుండా చంపాను. ఆ శ్రద్ధ చదువులో చూపించి ఉంటే మా నాన్న ఎంతో సంతోషించేవారు.

ఇది తొంభైల నాటి మాట. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా, వెంగళరావు నగర్‌లో అద్దె వాటా, వాటాలో ఒక మూల నా కంప్యూటరు. ప్రపంచంలో నాకు తెలియని సంగతి లేదని గట్టి నమ్మకం. ఆ వయసులో ఆ నమ్మకం అందరికీ ఉంటుందంటారు. నాకు మాత్రం కొంచెం ఎక్కువ మోతాదులో ఉండేది.

మా పక్క వాటాలో వీరభద్రంగారని ఒక పెద్దాయన ఉండేవారు. సినిమాల్లో ఆర్ట్ డైరెక్టరు, అంటే సెట్లు వేయించే ఆయన. చెక్కా, గుడ్డా, ప్లాస్టర్ ఇస్తే చాలు, మయసభ కట్టగలరు. కానీ రెండేళ్ళుగా చేతిలో సినిమా లేదు. ఎట్టకేలకు ఒక అమ్మవారి సినిమా దొరికింది. అదీ అంత తేలిగ్గా రాలేదు. నిర్మాత మద్రాసు నుంచి ఇంకొకరిని పిలిపిద్దామనుకుంటుంటే, "మొదటి షాట్ చూడండి బాబూ, నచ్చకపోతే మీ ఇష్టం" అని ఈయన బతిమాలి ఒప్పించుకున్నారు.

ఒక సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఒరేయ్ సత్యం, అమ్మవారి వెనకాల పెద్ద చక్రం పెడుతున్నాను. దాని చుట్టూ బల్బులు. వెలుగు గిర్రున తిరగాలి. ముందు నెమ్మదిగా, అమ్మవారు కళ్ళు తెరిచేసరికి జోరుగా. నువ్వేమైనా చెయ్యగలవా?"

"అదెంత పనండీ! మైక్రోకంట్రోలర్ పెట్టేద్దాం."

"అంటే ఏంట్రా?"

"చిన్న చిప్పండి. దాంట్లో మెదడుంటుంది. ఒకసారి చెబితే చాలు, గుర్తు పెట్టుకుని అచ్చం అలాగే చేస్తుంది."

"అలాంటివాడు మా యూనిట్‌లో ఒక్కడూ లేడురా!" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోయి. తర్వాత గొంతు తగ్గించారు. "చూడు నాయనా, ఈ చక్రం తిరిగితే నేను మళ్ళీ నిలబడతాను. తిరక్కపోతే ఇక పెళ్ళి మండపాలకు థర్మోకోల్ హంసలు కోసుకుంటూ బతకాలి."

"హంసల మాట మర్చిపోండి. టైటిల్స్‌లో నా పేరు వేయించండి చాలు. ఎలక్ట్రానిక్ ఎఫెక్ట్స్ అని."

"వేయిస్తానురా. మాటంటే మాటే."

అంతే, ఆ రాత్రి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు.

ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్పాలి, భయపడకండి, పాఠం చిన్నదే. ఈ చిప్పు కొన్నప్పుడు దాని మెదడు ఖాళీగా ఉంటుంది. మనం ఏం చెప్పదలుచుకున్నామో కంప్యూటర్‌లో రాసి, దాన్ని చిప్పులోకి ఎక్కించాలి. ఎక్కించడానికి ఒక పరికరం కావాలి. దాన్ని ప్రోగ్రామర్ అంటారు. బజారులో దొరికే ప్రోగ్రామర్ కొనాలంటే మా ఇంట్లో ఏదైనా అమ్మాలి, అమ్మడానికి మా ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. కాబట్టి సొంతంగా తయారు చేసుకుందామని నిశ్చయించాను. ప్రింటర్ తగిలించే చోటు నుంచి తీగలు లాగి, నాలుగు ట్రాన్సిస్టర్లు పెట్టి, పన్నెండు వోల్టుల కరెంటు కలిపి, చివర చిప్పు కూర్చోవడానికి ఒక సాకెట్ అతికించాను. సాకెట్‌కు ఒక చిన్న మీట. మీట ఎత్తి చిప్పు పెట్టాలి, మీట దించి కంప్యూటర్‌లో బటన్ నొక్కాలి, చిప్పుకు జ్ఞానోదయం అవుతుంది.

ఇదంతా అమర్చడానికి ఒక పెట్టె కావాలి. మా వంటింట్లో అమ్మ పోపుల డబ్బా గుండ్రంగా, ముచ్చటగా కనిపించింది. ప్లాస్టిక్‌ది. స్టీలుదైతే తీగలు తగిలి మంటలొస్తాయని తెలిసినంత తెలివి నాకుంది. ఆ రోజుల్లో నా తెలివి అక్కడిదాకే ఉండేది.

"నా పోపుల డబ్బా ఏదిరా?" అంది అమ్మ మర్నాడు పొద్దున్నే, అట్లకాడ పట్టుకుని.

"అమ్మా, అది ఇప్పుడు పోపుల డబ్బా కాదు. ప్రోగ్రామర్."

"అది ఏదైనా నాకనవసరం. ఆవాలెక్కడ పోశావు?"

"గ్లాసులో."

"జీలకర్ర?"

"అదే గ్లాసులో."

అమ్మ ఒక నిమిషం నన్నూ, అట్లకాడనూ మార్చి మార్చి చూసింది. మూడు రోజుల పాటు మా ఇంట్లో చారులో ఏ గింజ పడుతుందో ఎవరికీ తెలియదు.

ఏమైనా డబ్బా అద్భుతంగా కుదిరింది. మూతకు కన్నం చేసి సాకెట్ బిగించాను. లోపల మధ్య గిన్నె తీసేసి తీగలన్నీ అక్కడ చుట్టాను. చుట్టూ మిగిలిన చిన్న గిన్నెల్లో కోఠీ నుంచి తెచ్చిన అయిదు చిప్పులు. ఇంగువ వాసన మాత్రం పోలేదు. ఎంత కడిగినా నా ప్రోగ్రామర్ దగ్గరికి వెళితే ఎవరో పులిహోర కలుపుతున్నట్టే ఉండేది.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి, ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోయాను. చిప్పుకు తలా తోకా ఉంటాయి. తల వైపు ఒక చిన్న గంటు ఉంటుంది. తల సాకెట్ మీట వైపు ఉండాలి. తిరగేసి పెట్టి కరెంటు ఇచ్చామా, మెదడు మాడి మసే. ఆ గంటు నల్ల ఒంటి మీద నల్లగా ఉంటుంది, వెతుక్కోవాలి. నాలాంటి మేధావి వెతుక్కోవడమేమిటి? అక్క గోళ్ళరంగు తీసుకుని ప్రతి చిప్పుకూ తల వైపు ఒక ఎర్ర చుక్క పెట్టాను. ఎర్ర చుక్క ఎటుంటే అటు తల. ఇక గంటు వైపు చూడాల్సిన పనే లేదు.

ఇంట్లో చిన్న చిన్న దీపాలు పెట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దాకా వరసగా వెలిగి, మళ్ళీ ఒకటికి వచ్చాయి. నెమ్మదిగా మొదలై జోరందుకున్నాయి. నాన్న అద్దాలు సవరించుకుని చూసి, "పరవాలేదే!" అన్నారు. మా నాన్న నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆ మాటకే నాకు తల తిరిగింది, ఆ తర్వాత జరిగినదానికి కొంత బాధ్యత ఆయనది కూడా.

గురువారం సరంజామా అంతా ఫిలింనగర్‌కు చేర్చాం. రాళ్ళ గుట్ట పక్కన ఒక పెద్ద షెడ్డు, అందులో సెట్టు. బంగారు రంగు మండపం, మధ్యలో సింహాసనం, దాని వెనక నిలువెత్తు చక్రం. చక్రానికి చుట్టూ బల్బులు, వాటిని ఎనిమిది వరసలుగా కలిపి తీగలన్నీ సెట్టు వెనక్కి లాగారు. లాగినవాడు యాదగిరి. రహమత్ నగర్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు, నలభై అయిదేళ్ళ లైట్‌మన్. పెళ్ళి పందిళ్ళ నుంచి సినిమా సెట్ల దాకా వెలుగులు తిప్పడంలో పాత కాపు. అతని దగ్గర ఒక చెక్క డ్రమ్ము ఉండేది. దాని మీద రాగి రేకులు మేకులతో కొట్టి ఉంటాయి. మోటారుతో డ్రమ్ము తిరుగుతుంటే రేకు తగిలిన తీగకు కరెంటు వెళ్ళి ఆ వరస బల్బులు వెలుగుతాయి. వినాయక మండపాల్లో పరిగెత్తే దీపాలన్నీ అప్పట్లో అలాంటి డ్రమ్ముల పుణ్యమే.

"ఇంకా ఆ చెక్క మొద్దు వాడుతున్నావా యాదగిరీ? కాలం మారిపోయింది. ఇదిగో, ఈ చిప్పు చూడు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాదగిరి చిప్పును అరచేతిలో పెట్టుకుని చూశాడు. "మస్తుంది సారు. గింత చిన్నగున్నది, గన్ని బల్బులు జలాయిస్తదా?" అన్నాడు. వెక్కిరింత లేదు, నిజమైన కుతూహలమే.

సెట్టు వెనక నిలబడి స్విచ్చి వేశాను. చెక్కల సందుల్లోంచి వెలుగు గుండ్రంగా పరిగెత్తింది. నేను చప్పట్లు కొట్టుకున్నాను. సెట్టు ముందు మాత్రం, దుమ్ము పడకుండా పరదా కట్టి ఉంది.

"సారు, జర ముందలికొచ్చి చూడుండ్రి. పరదా జరిపి చూస్తే తెలుస్తది" అన్నాడు యాదగిరి.

"ఎందుకు?"

"మేమెప్పుడు ముందల్నే నిలవడి చూస్తం. కెమెరా ముందల్నే ఉంటది గద."

"చూడు యాదగిరీ, నేను ప్రోగ్రాములో ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా రాశాను. ముందు నుంచి చూసినా, వెనక నుంచి చూసినా, ఇంటి మీదెక్కి చూసినా ఒకటి తర్వాత రెండే వస్తుంది."

ఈ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే దాని దౌర్భాగ్యం. యాదగిరి "మీ మర్జీ సారు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆటోలో కంప్యూటరును ఒళ్ళో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. దాని అవసరం ఏమీ లేదు. చిప్పులో ప్రోగ్రాము ముందే ఎక్కించేశాను. కానీ కంప్యూటరు లేకుండా వెళితే నన్ను ఎవరైనా ఎలక్ట్రీషియన్ అనుకుంటారేమోనని భయం. సెట్టు వెనక ఒక బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన పోపుల డబ్బా, డబ్బాలో నాలుగు అదనపు చిప్పులు, తలలన్నీ నా వైపు. అయిదోది కూడా తల నా వైపు పెట్టి, అదే బల్ల మీద బల్బులు తిప్పే బోర్డులో కూర్చుని అమ్మవారి సేవకు సిద్ధంగా ఉంది.

సినిమా వాళ్ళకు మొదటి షాట్ అంటే గృహప్రవేశం లాంటిది. కెమెరాకు బొట్టు, లైట్లకు బొట్టు, జనరేటరుకు బొట్టు, చివరికి దర్శకుడి కుర్చీకి కూడా బొట్టు. ప్రొడక్షన్ మేనేజరు పాపారావుగారు పళ్ళెంలో గంధం, కుంకుమ పట్టుకుని సెట్టంతా తిరుగుతూ వెనక్కి కూడా వచ్చారు. బోర్డు పెట్టె మీద ఒక బొట్టు పెట్టి వెళ్ళిపోబోయారు. మర్యాదగా వెళ్ళిపోనివ్వచ్చు కదా? నేను వదల్లేదు.

"పాపారావుగారూ, అసలు ప్రాణం చిప్పుల్లో ఉంటుందండీ. వాటికీ పెట్టండి."

"పెట్టకేం బాబూ! ఎన్నున్నాయి?"

"అయిదండీ. లోపలిదానికి కూడా." బోర్డు మూత నేనే స్వయంగా తెరిచాను. పోపుల డబ్బా మూత కూడా నేనే తెరిచాను.

పాపారావుగారు ఏ పనైనా మనసు పెట్టి చేసే మనిషి. బల్లకు అవతల నిలబడి, ఒక్కో చిప్పుకు ముందు ఒళ్ళంతా గంధం పట్టించారు. ఆ తర్వాత తనకు దగ్గరగా ఉన్న కొసన గుండ్రంగా ఒక ఎర్రటి కుంకుమ బొట్టు దిద్దారు. నా గోళ్ళరంగు చుక్కలు, గంట్లు అన్నీ గంధం కింద సమాధి అయిపోయాయి. చిప్పులు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం చేశాను కూడా.

పదిన్నరకు రాహుకాలం. ఆ లోపల షాట్ అయిపోవాలి. నిర్మాతగారి తల్లి, అందరూ పెద్దమ్మగారు అనేవారు, ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆ సినిమా ఆవిడ మొక్కు. ఆవిడ తల ఊపితే వీరభద్రంగారికి సినిమా, ఊపకపోతే థర్మోకోల్ హంసలు. వీరభద్రంగారు ఉతికిన పంచె కట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ముందూ ఒకసారి వెనకా కట్టుకుంటున్నారు.

పరదా తీశారు. కొబ్బరికాయ కొట్టారు. తొమ్మిదిన్నరకు రిహార్సల్. నేను స్విచ్చి వేశాను. "ఆహా" అన్నారు జనం. నేను కళ్ళు మూసుకుని ఆ "ఆహా"ను ఆస్వాదిస్తున్నాను. అంతలో పెద్దమ్మగారి గొంతు ఖంగుమంది.

"ఆపండి, ఆపండి! ఇదేంటండీ, చక్రం అప్రదక్షిణంగా తిరుగుతోంది!"

నేను ముందుకు పరిగెత్తి చూశాను. నిజమే. గుళ్ళో మనం ఎడమ నుంచి కుడికి తిరుగుతాం కదా, అమ్మవారి చక్రం కుడి నుంచి ఎడమకు పోతోంది. వెనక నుంచి చూస్తే కుడి, ముందు నుంచి చూస్తే ఎడమ. ఒకటి తర్వాత రెండే వస్తోంది, కాదనలేం. వచ్చే దారి మాత్రం శ్మశానంలో తిరిగే దారి.

"అమ్మవారి సినిమాకు మొదటి షాటే ఇలాగా? ఇంతకంటే అపశకునం ఉందా వీరభద్రంగారూ?" అన్నారు పెద్దమ్మగారు.

వీరభద్రంగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు చూశారు. నేను ఛాతీ ముందుకు పెట్టాను.

"పది నిమిషాలు ఇవ్వండి. ప్రోగ్రాము మార్చేస్తాను."

వెనక్కి వెళుతుంటే యాదగిరి అడ్డం వచ్చాడు. "సారు, ఏం మార్చకుండ్రి. ఎనిమిది వైర్లున్నయి, ఉల్టా వరసల పెడ్తే అయిపాయె. రెండు నిమిషాల పని."

వినండి, పాఠకులారా, మళ్ళీ వినండి. రెండు నిమిషాల పని. స్క్రూడ్రైవర్ కూడా అతని చేతిలోనే ఉంది. నేనేమన్నానో తెలుసా?

"అది పద్ధతి కాదు యాదగిరీ. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య. సాఫ్ట్‌వేర్‌తోనే పరిష్కరించాలి."

ఇంత ఖరీదైన వాక్యం నా జీవితంలో మరొకటి అనలేదు. అంటూనే బోర్డులో చక్కగా పనిచేస్తున్న చిప్పును పీకేశాను. పీకేటప్పుడు దాని తల ఎటుందో చూసుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది. చూడటమెందుకు? ఎర్ర చుక్క ఉందిగా! కంప్యూటర్‌లో ప్రోగ్రాము తిరగరాశాను, ఎర్ర చుక్కను మీట వైపు పెట్టి చిప్పును పోపుల డబ్బా మీద కూర్చోబెట్టాను, మీట దించాను, నొక్కాను.

చిప్పు కనబడటం లేదంది కంప్యూటరు. ఎదురుగా ఉంటే కనబడకపోవడమేమిటని చిప్పు మీద వేలు పెట్టాను. అట్లపెనం మీద వేలు పెట్టినట్టు చురుక్కుమంది.

"ఇది అలసిపోయినట్టుంది. రెండు రోజుల నుంచీ పనిచేస్తోంది కదా" అని యాదగిరికి వివరించాను. చిప్పు అలసిపోవడమన్నది ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు కనిపెట్టాను.

రెండోది పెట్టాను. ఈసారి సన్నగా పొగ. డబ్బాలో ఇంగువ వాసన, పొగ వాసన కలిసి సెట్టంతా పాకింది. "ఎవరండీ పోపు వేయిస్తున్నారు? టిఫిన్లు అయిపోయాయిగా?" అని పాపారావుగారు ముందు నుంచి కేకేశారు.

వీరభద్రంగారు తొంగి చూశారు. "ఎంతవరకూ వచ్చిందిరా?"

"అయిపోవచ్చిందండీ." అబద్ధం కాదు. చిప్పులు అయిపోవచ్చాయి.

కరెంటు కొలిచి చూశాను. ఖాళీ సాకెట్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే నా పరికరంలో దోషం లేదు. నాలో దోషం ఉండే అవకాశమే లేదు. కాబట్టి చిప్పులు అమ్మినవాడు మోసం చేశాడు. ఈ తర్కంతో మూడోదాన్ని పంపించాను. అది టప్‌మని నెత్తి పగిలి పోయింది.

"సారు, ఇంకెన్నున్నయి?" అన్నాడు యాదగిరి మెల్లగా.

"రెండు."

"మరి ఒక్కటన్న ఉంచుండ్రి సారు. ఉన్నదాన్ని గట్లనే పెట్టి, వైర్లు మారుస్త."

ఉన్న రెంటిలోనూ ప్రోగ్రాము ఇంట్లోనే ఎక్కించి ఉంది. అంటే అతను చెప్పినట్టు చేస్తే అప్పటికీ బతికిపోయేవాళ్ళం. కానీ నాకు పౌరుషం వచ్చేసింది. మూడు శవాలు ఎదురుగా పెట్టుకుని వెనక్కి తగ్గడమా? నాలుగోదీ అదే దారిన వెళ్ళింది. అయిదోదాన్ని పెట్టే ముందు కళ్ళు మూసుకుని అమ్మవారికి దండం పెట్టుకున్నాను, కుంకుమ బొట్టును భక్తిగా మీట వైపు తిప్పి నొక్కాను. అమ్మవారు ఏం చేస్తుంది పాపం? అప్పటికి సమయం పదీ పది.

చెమట తుడుచుకోవడానికి చొక్కా అంచు తీశాను. మనసు నిలవక, అదే అంచుతో అయిదో చిప్పు ఒళ్ళు కూడా తుడిచాను. కుంకుమ పోయింది. గంధం పోయింది. గంధం కింద నుంచి, రెండో కొసన, మా అక్క గోళ్ళరంగు చుక్క ఎర్రగా నన్ను చూసింది.

మిగిలిన నాలుగూ తుడిచాను. నాలుగింటికీ అంతే. పాపారావుగారు అవతల నిలబడి బొట్లు పెట్టారు. అంటే నా తల వైపు ఆయనకు తోక, ఆయన తల వైపు నాకు తోక. అయిదింటినీ నేను తలకిందులుగా కూర్చోబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కరెంటు పెట్టి చంపాను. బొట్లు పెట్టమని అడిగింది కూడా నేనే.

వీరభద్రంగారు వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పోపుల డబ్బా వైపు చూసి, "సరేలే నాయనా, నువ్వు మాత్రం కావాలని చేశావా" అన్నారు. గొంతు మాత్రం మండపాల్లో హంసలు కోసేవాడి గొంతు. నాకు ఏడుపొచ్చింది. ఇది హాస్యానికి చెప్పడం లేదు, నిజంగానే ఏడ్చాను.

అప్పుడు యాదగిరి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని ముందుకొచ్చాడు.

"పరేషాన్ గాకుండ్రి సారు. డ్రమ్ము ఉన్నది, యూనిట్ వ్యాన్ల."

"డ్రమ్మా? ఎందుకు తెచ్చావు?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నిన్న మీరు ముందలికొచ్చి చూడనన్నరు గద. గందుకే తెచ్చిన."

ఆ మాట నన్ను ఈ రోజుకీ పొడుస్తుంది. అయిదు నిమిషాల్లో డ్రమ్ము వచ్చింది, ఎనిమిది తీగలూ కలిశాయి. "మోటారేదీ?" అన్నారు వీరభద్రంగారు.

"మోటారెందుకు సారు? మోటారుతోటి ఒకటే స్పీడ్. షురూల మెల్లగ, అమ్మోరు కండ్లు తెరిస్తే జోరుగ గావాలంటిరి గద. చేత్తోనే తిప్పుత."

"మళ్ళీ అప్రదక్షిణంగా వస్తే?"

"గట్లొస్తే ఇంకో దిక్కు తిప్పుత."

నా సాఫ్ట్‌వేర్ సమస్యకు పరిష్కారం అదన్నమాట. ఇంకో దిక్కు తిప్పడం. డ్రమ్ము ఎత్తు చాలక యాదగిరికి నడుము వంగిపోతుంటే, చుట్టూ చూసి నా కంప్యూటరును తెచ్చి దాని కింద పెట్టారు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చినందుకు అది అలాగైనా పనికొచ్చింది. కదలకుండా రెండు చేతులతో పట్టుకునే బాధ్యత నాకిచ్చారు.

పదీ ఇరవై అయిదుకు షాట్. యాదగిరి మండపం పక్క చెక్కల సందులోంచి ఓరగా అమ్మవారి వేషం వేసినావిడ ముఖం చూస్తూ డ్రమ్ము తిప్పాడు. ముందు నెమ్మదిగా, ఊయల ఊపినట్టు. ఆవిడ రెప్పలు కదలగానే కొంచెం జోరు. కళ్ళు విచ్చుకోగానే మోచేయి కనబడనంత జోరు. ఏ చిప్పూ ఆవిడ రెప్పలు చూసి తిరగలేదు కదా. బయట పెద్దమ్మగారు లేచి నిలబడి చెంపలేసుకున్నారట. "అమ్మ వచ్చినట్టే ఉంది" అన్నారట. నేను చూడలేదు, కంప్యూటరు పట్టుకుని ఉన్నాను. కానీ వీరభద్రంగారు పరిగెత్తుకొచ్చి యాదగిరిని కావలించుకోవడం మాత్రం చూశాను. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నా గుండె మీది బండ దిగిపోయింది.

సినిమా విడుదలయ్యింది. నా ఘనకార్యం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి, అమ్మ, నాన్న, అక్క, బావ అందరూ నా పేరు చూడటానికి తయారై వచ్చారు. యాదగిరినీ నేనే టికెట్టు కొని పక్కన కూర్చోబెట్టుకున్నాను. టైటిల్స్ పడ్డాయి. కళ వీరభద్రంగారు. ఆ తర్వాత, తెర నిండా పెద్ద అక్షరాలతో: ఎలక్ట్రానిక్ ఎఫెక్ట్స్, యాదగిరి.

వీరభద్రంగారిది మాటంటే మాటే. పేరు వేయిస్తానన్నారు, వేయించారు.

"నీ పేరేదిరా?" అంది అమ్మ చీకట్లో. "దీనికోసమా నా పోపుల డబ్బా తగలేశావు?"

నేను జవాబు చెప్పేలోగా యాదగిరి నా భుజం తట్టి చెవిలో అడిగాడు. "సారు, నా పేరు ముందల ఏందో రాసిండ్రు. గా ఎలక్ట్రానిక్ అంటే ఏంది?"

"ఇంకో దిక్కు తిప్పడం" అన్నాను.

కాబట్టి, పాఠకులారా, ఎడమ చెయ్యి పోపుల డబ్బా మీదా, కుడి చెయ్యి సోల్డరింగ్ కడ్డీ మీదా పెట్టి (చల్లారిన తర్వాతే), మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై గంటు చూడకుండా ఏ చిప్పునూ సాకెట్‌లో కూర్చోబెట్టను. వెనక నిలబడి ఏ చక్రాన్నీ మెచ్చుకోను. స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు రెండు నిమిషాల పని అంటే నోరు మూసుకుని పక్కకు జరుగుతాను. చిప్పులకు బొట్టు పెట్టడం మాత్రం మాననండీ, అమ్మవారితో నాకెందుకు గొడవ? కాకపోతే పళ్ళెం నేనే పట్టుకుంటాను, బల్లకు ఇవతల నిలబడతాను.